హెడ్మాస్టారు ‘ఇంగ్గీ’ అన్నారు

మే 6, సోమవారం

ఇవాళ హెడ్మాస్టారి పకోడీ పిండిలో పచ్చిమిరపకాయలు ఎక్కువ వెయ్యలేదు. వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. బడి కాంటీన్ నడుపుకునే మనిషికి చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే, దాన్ని కూడా వాడలేదని నా మంచితనానికి నేనే సాక్ష్యం రాసుకుంటున్నాను.

పొద్దున్న గంట కొట్టకముందే పిలిపించారు. ధని తరగతి ఎర్నా టీచరు కూడా ఉంది, నేలచూపులు చూస్తూ. సుదర్సోనో మాస్టారికి ‘కాదు’ అనే మాట రాదు. ఈ క్లాతెన్ ఊళ్ళ మర్యాద అది! నవ్వుతారు, టీ పోయిస్తారు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయంటారు, అన్నీ అయ్యాక కత్తి దించుతారు.

"ధని మంచి పిల్లమ్మా. చాలా మర్యాద తెలిసిన పిల్ల. కాకపోతే మూడో తరగతి పాఠం గట్టిగా నాలుగు వరుసలు చదవలేకపోతోంది. రెండో తరగతిలో ఒక ఏడాది ఉంచాం. జూన్ పరీక్ష కూడా ఇలాగే అయితే మళ్ళీ ఉంచడం బాగుండదు. పట్నంలో అలాంటి పిల్లలకి వేరే బడి ఉంది. అక్కడైతే సుఖంగా ఉంటుంది."

"ఎవరికి సుఖంగా ఉంటుంది?" అని అడిగాను.

"ఓపిక పట్టాలమ్మా," అన్నారు నవ్వుతూనే.

జోగ్జా పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టాను. పిల్ల తెలివికి లోటేమీ లేదని, అక్షరాల దగ్గరే తడబాటని, దాన్ని డిస్లెక్సియా అంటారని, పరీక్షలో ప్రశ్న చదివి వినిపించి నోటితో జవాబు చెప్పించుకోమని అందులో ఉంది. ఆయన దాన్ని రెండు చేతులతో ఎంతో గౌరవంగా అందుకున్నారు. అందుకుని టీ గ్లాసుకి అడుగున పెట్టుకున్నారు.

"ఒకరికి చదివి వినిపిస్తే రేపు అందరూ అడుగుతారు కదమ్మా."

"అడగనివ్వండి. నేను నా పిల్ల ఒక్కదాని కోసమే వచ్చానా? అందరి పిల్లల కోసం అడుగుతున్నాను!"

బాగా అన్నాను. దారి పొడుగునా ఆ మాటే తల్చుకుంటూ వచ్చాను.

మే 8

ధనికి మా ఆయన ఒక పళ్ళెంలో మెరాపి అగ్నిపర్వతం ఇసుక పోసి ఇచ్చాడు. నల్లగా, సన్నగా, తడిగా ఉంటుంది. రోజూ కొండ మీద నుంచి ట్రక్కు నిండా అదే మోసుకొస్తాడు గనక పళ్ళెడు ఇసుకకి కొదవలేదు. వేలితో అక్షరం గీసి, గీస్తూ పైకి పలకమని డాక్టరమ్మ చెప్పింది. ధని గీసింది. ఒక్కో అక్షరం బాగానే వచ్చింది. రెండు కలిపి మాట చెయ్యమంటే మొహం ముడుచుకుంది.

"ఒకదాన్ని చూస్తుంటే ఇంకోటి లేచి వెళ్ళిపోతుందమ్మా."

"ఎక్కడికి వెళ్తుందే?"

"చెప్పి వెళ్తే పట్టుకోనూ!"

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు. కొండ ఎందుకు పొగలు కక్కుతుందో, కింద రాయి ఎలా కరుగుతుందో ఇదే పిల్ల మా ఆయనకి అన్నం తింటున్నంతసేపూ చెప్పింది. బళ్ళో టీచరు ఒక్కసారి చెబితే విని పట్టేసింది. అదే పాఠం పుస్తకంలో చదవమంటే సున్నా. ఈ పిల్లకి చదువు రాదని ఏ నోటితో అంటారు?

మే 9, సెలవు

అత్తయ్య కనిపెట్టిందట. ధనికి చదువు రాకపోవడానికి కారణం డాక్టరమ్మ చెప్పింది కాదట. పేరు బరువట.

"కుసుమవర్ధని! రాజుగారి కూతురి పేరు. మీ మామయ్య ముచ్చటపడి పెట్టారు, ఆయన హాయిగా పోయారు. ట్రక్కు డ్రైవరు కూతురు అంత బరువు ఎక్కడ మోస్తుంది? మోయలేకే పిల్ల ఇలా కుంగిపోయింది. రహాయు అని పెట్టుకుందాం. తేలిగ్గా ఉంటుంది, క్షేమంగానూ ఉంటుంది."

"పేరు మారిస్తే అన్నీ కుదురుకునేట్టయితే ముందు హెడ్మాస్టారి పేరు మారుద్దాం అత్తయ్యా. కాదు అనడం వస్తుందేమో."

"తెగల్ నోరు," అంది అత్తయ్య, మా ఆయన వైపు తిరిగి. నాతో అనలేదు. నా ముందు కూర్చుని నా గురించి కొడుకుతో చెప్పడం ఆవిడ మర్యాద.

మాది తెగల్. సముద్రం పక్క ఊరు. ఇక్కడివాళ్ళు వారం రోజులు చుట్టూ తిరిగి చెప్పేది మేం గుమ్మంలోంచే అరిచి చెప్పేస్తాం. పదకొండేళ్ళ కాపురం తర్వాత కూడా అది తప్పే.

మే 11

కూరగాయల బండి దగ్గర తుతిక్ కలిసింది. పక్క సందులో ఉంటుంది, నూడుల్స్ అమ్ముతుంది. కూతురు విగాతికి మూడో తరగతిలో ఇది మూడో ఏడాది. ధని పక్కనే కూర్చుంటుంది, ధని కంటే జానెడు పొడుగు. ఆ పిల్ల బళ్ళో నోరు తెరవగా ఎవరూ చూడలేదు.

"నీకెందుకే ఈ తంటా? మా దానికీ చదువు రాదు. గిన్నెలు తోమడం వచ్చు. ఏదో ఒకటి వస్తే చాలదూ?" అంది, అందరి ముందూ, నవ్వుతూ.

"నీ పిల్లని గిన్నెలకి రాసిచ్చావేమో, నేను నా పిల్లని రాసివ్వలేదు," అన్నాను.

బండివాడు కూడా నవ్వడం మానేశాడు. నేనేం పట్టించుకోలేదు. తుతిక్ పాలకూర కట్ట బుట్టలో వేసుకుని వెళ్ళిపోయింది.

మే 14

పేరు మార్చే స్లామెతాన్‌కి రోజు పెట్టేసింది అత్తయ్య. ధని పుట్టింది శుక్రవారం, జావా అయిదు రోజుల లెక్కలో లెగీ. వచ్చే శుక్రవారం లెగీ ఇరవై నాలుగున పడింది, ఇక్కడి లెక్కలో రోజు పొద్దుగూకడంతోనే మొదలవుతుంది గనక ముందు రోజు సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక. సందులో మగవాళ్ళందర్నీ దీవెన భోజనానికి పిలుస్తుందట. ఎర్ర జావ, తెల్ల జావ, అన్నం, కోడి. మసీదులో ప్రార్థనలు చెప్పే మోదిన్ తాత పేరు చదివి దీవిస్తాడు.

"నా పిల్ల పేరు, నాకు చెప్పకుండా!"

"నీకు ఇప్పుడు చెబుతున్నానుగా," అంది.

మా ఆయన్ని అడిగాను. "అమ్మ చెప్పిందీ నిజమే," అన్నాడు. "నేను చెప్పింది?" అన్నాను. "నువ్వు చెప్పిందీ నిజమే." ఆ తర్వాత ట్రక్కు టైర్లు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ టైర్లకి ఏ జబ్బూ లేదు.

ధని అన్నీ వింటోంది. పడుకోబోయే ముందు అడిగింది: "అమ్మా, పేరు మార్చుకుంటే పాత పేరు మీదున్న మార్కులు పోతాయా?"

పోవని చెప్పాను. "అయితే ఎందుకు?" అంది.

మే 15

రాయడానికేం లేదు.

మే 16

నిన్న రాయడానికి ఉంది. ఇసుక పళ్ళెం విసిరేశాను. ధని మీదకి కాదు. గోడకి. గోడకే. ధని చీపురు తెచ్చి ఊడ్చింది. నేను ఊడుస్తానన్నా వినలేదు.

నాకు కోపం ధని మీద కాదు.

మే 18, శనివారం

అత్తయ్య పిలుపుల కోసం పేర్లు అనుకుంటోంది. నేను సోయా తెంపే దిమ్మ కోస్తూ వింటున్నాను. మోదిన్ తాత, అటు పక్క ఇంటివాళ్ళు, ఇటు పక్కవాళ్ళు, తుతిక్ మొగుడు, "సుదర్సోనో మాస్టారు ఎలాగూ వస్తారు, ఆయన రాని స్లామెతాన్ ఏది?"

కత్తి ఆగిపోయింది.

ఈ ఊరి స్లామెతాన్‌లో మాస్టారెప్పుడూ మోదిన్ తాత పక్కనే కూర్చుంటారు. తాత ఒక్కో మాట అని ఆగుతాడు, చాప మీద అందరూ ఔనన్నట్టు "ఇంగ్గీ" అంటారు. తాత ఇంకో మాట అంటాడు, మళ్ళీ "ఇంగ్గీ". ఎవరూ మాట వినరు. వినాల్సిన పని లేదు, ఎప్పుడూ చెప్పేదే. కళ్ళు కోడి మీద, నోరు ఇంగ్గీ మీద. అందరికంటే గట్టిగా వినిపించేది మాస్టారి గొంతే.

ఇంగ్గీ అని, ఆ అన్నం తిని, ఇంటికని కట్టిచ్చిన వెదురు బుట్ట పట్టుకెళ్ళాక అన్న మాటకి సాక్షి అయిపోయినట్టే. ఆ తర్వాత కాదు అంటే ఈ ఊళ్ళో మొహం చూపించలేడు.

"సరే అత్తయ్యా, స్లామెతాన్ పెట్టుకుందాం. కోడి నేను కొంటాను," అన్నాను.

అత్తయ్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మే 19

వేరుసెనగ వడలు చేసుకుని మోదిన్ తాత దగ్గరకెళ్ళాను. మసీదు వెనక గదిలో ఉంటాడు. చెవులు సగమే పనిచేస్తాయి, పళ్ళు మాత్రం బాగున్నాయి. ఆయన నాలుగు వడలు తినేదాకా ఆగాను. ఆ తర్వాత అరిచి చెప్పాను. తెగల్ గొంతు మొదటిసారి పనికొచ్చింది.

అంతా విని, "ఇందులో పాపం ఏం లేదు," అన్నాడు. "నేనొట్టి నోటిని. ఇంటివాళ్ళ కోరిక ఏదైతే అదే చెబుతాను. కానీ ఆ కోరిక నాకు చెప్పాల్సింది ఇంటి మగవాడు. నీ మొగుణ్ణి పంపు."

ఇంతవరకూ వచ్చి ఇక్కడ ఆగింది. అన్నిటికీ ఊ అనే మా ఆయన, ఏదో ఒకదానికి మాత్రమే ఊ అనాలి.

మే 20

చెప్పాను. మా ఆయన అన్నం కంచం పక్కకి జరిపాడు.

"అమ్మ ఏమనుకుంటుంది?"

"ధని ఏమనుకుంటుందో అడిగావా ఎప్పుడైనా?"

"ఊరందరి ముందూ మాస్టారిని అలా ఇరికించడం బాగుంటుందా, యూమీ? పెద్దమనిషి."

"నా కూతుర్ని మర్యాదగా గెంటేసేవాడు పెద్దమనిషైతే నేను చిన్నమనిషినే. వెళ్తావా, వెళ్ళవా?"

అతను ఔననలేదు, కాదనలేదు. ఈ ఊళ్ళో అందరికీ అదే జబ్బు, మందు లేదు.

మే 22

ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే టైర్ల దగ్గరకి పోతాడు.

మే 23, గురువారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పొద్దుట్నుంచి వంట. సందులో ఆడవాళ్ళంతా సాయానికి వచ్చారు. తుతిక్ కూడా వచ్చింది. కూరగాయల బండి దగ్గర మాటని ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొబ్బరి తురిమింది. కొబ్బరి బాగా తురుముతుంది, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

చీకటి పడుతుండగా మగవాళ్ళు వచ్చి చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. మేం వంటింటి తెర వెనక. ఎర్ర జావ గిన్నె, తెల్ల జావ గిన్నె మధ్యలో పెట్టారు. మా ఆయన మోదిన్ తాత పక్కకి వంగి చెవిలో ఏదో చెప్పాడు. చెప్పింది ఏ కోరికో! వాళ్ళమ్మదా, నాదా? తాత చెవులు చూస్తే అంతంతమాత్రం. తాత తల ఊపాడు. మా ఆయన మళ్ళీ చెప్పాడు. తాత మళ్ళీ ఊపాడు. తెర పట్టుకుని నిలబడ్డాను, ఆ తెర చిరిగిపోకపోవడం నా అదృష్టం.

తాత మొదలుపెట్టాడు.

"పెద్దలారా, ఈ ఇంటి యజమాని యువోనో మనందర్నీ పిలిచింది తన కూతురు కుసుమవర్ధని క్షేమం కోసం."

"ఇంగ్గీ."

"ఎర్ర జావ తల్లి వంతు, తెల్ల జావ తండ్రి వంతు. తల్లిదండ్రులిద్దరి దీవెనా ఆ పిల్ల మీద ఉంది."

"ఇంగ్గీ."

"తాత పెట్టిన పేరు ఆ పిల్ల మీదే ఉంటుంది, మారదు."

"ఇంగ్గీ," అన్నారు అందరూ. నా పక్కన అత్తయ్య చేతిలోంచి గరిటె జారింది. నేను పట్టుకున్నాను.

"అల్లా ఆ పిల్లకి చెవినీ, మాటనీ, తెలివినీ నిండుగా ఇచ్చాడు, కాగితం దగ్గర మాత్రం కష్టం పెట్టాడు."

"ఇంగ్గీ."

"కాబట్టి ఆ పిల్లకి చదువు చెప్పే పెద్దలు ప్రశ్న చదివి వినిపిస్తారు, ఆ పిల్ల నోటితో జవాబు చెబుతుంది, పరీక్ష అలాగే జరుగుతుంది. ఇక్కడ కూర్చున్న మనమంతా దానికి సాక్షులం."

"ఇంగ్గీ!"

అందరికంటే గట్టిగా, అందరికంటే ముందు మాస్టారి గొంతు. అనేశాక ఆయన తల ఎత్తారు. తెర సందులోంచి నేను చూశాను. నోరు ఇంకా మూసుకోలేదు. తుతిక్ మొగుడు ఆయన వైపు చూశాడు, ఆ పక్కాయన చూశాడు. తాత మాత్రం దీవెన మొదలుపెట్టేశాడు. ఆమీన్, ఆమీన్.

ఆయన తిన్నారు. వెదురు బుట్ట కూడా పట్టుకెళ్ళారు. పట్టుకెళ్ళకపోతే ఎలా?

మా ఆయన! రెండుసార్లు చెప్పాడు, తాతకి వినపడదని రెండుసార్లు చెప్పాడు. ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్ళలో నేను ఆ మనిషిని ఇంత ప్రేమగా ఎప్పుడూ చూడలేదు. అతనికి చెప్పలేదు. చెబితే టైర్ల దగ్గరకి పోతాడు.

ఒకటి. అందరూ వెళ్ళాక తుతిక్ గిన్నెలు సర్దుతూ నెమ్మదిగా అంది: "మా విగాతి పేరు కూడా అనిపించాల్సింది, యూమీ."

"ముందు మాది కానియ్యి. ఒక్క పేరుకే తల ప్రాణం తోకకి వచ్చింది," అన్నాను.

తప్పేం అనలేదు. ఇద్దరి పేర్లు చెబితే మాస్టారికి అనుమానం వచ్చేది. వచ్చేది కదా.

మే 24

అత్తయ్య మాట్లాడటం లేదు. జావ గిన్నెలు తనే కడుగుతోంది, కడిగినవే మళ్ళీ కడుగుతోంది.

మే 27

నేను అనుకున్నట్టు కాలేదు. మాస్టారు టీ పోయించారు. అత్తగారి మోకాళ్ళ గురించి అడిగారు.

"స్లామెతాన్ మాట వేరమ్మా, బడి మాట వేరు. ఆ రోజు ఏదో అలవాటుగా..."

"అలవాటుగానే అన్నారు మాస్టారూ. ఎంత గట్టిగా అన్నారంటే మోదిన్ తాతకి కూడా వినపడింది."

ఎర్నా టీచరు దగ్గింది. నవ్వుని దగ్గుగా మార్చుకుందని నాకు తెలుసు.

"చూద్దాం," అన్నారాయన. "ఓపిక పట్టాలి."

పట్టను. ఆ డబ్బాలో పిండి ఉంది, ఈ డబ్బాలో మిరపకాయలున్నాయి. ఓపిక ఏ డబ్బాలోనూ లేదు.

ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేస్తుంటే అత్తయ్య నాలుగు రోజుల తర్వాత నోరు విప్పింది. "ఏమైంది?"

చెప్పాను. ఆవిడ నా చేతిలో గిన్నె తీసుకుని కింద పెట్టింది. "తిన్నాడు కదా?" అంది.

"తిన్నాడు."

"బుట్ట కూడా తీసుకెళ్ళాడు కదా?"

"తీసుకెళ్ళాడు."

"మన ఇంటి అన్నం తిని, ఇంగ్గీ అని, వెనక్కి తీసుకుంటాడా?" అంది. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకపోతేనే భయం వేస్తుంది.

మే 28

అత్తయ్య పట్టు కెబాయా రవిక తొడుక్కుని, మడత నలగని బతిక్ బట్ట చుట్టుకుని సాయంత్రం మాస్టారింటికి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి నడిచే వెళ్ళింది. చాలాసేపటికి తిరిగొచ్చింది.

"ఏం మాట్లాడారు అత్తయ్యా?"

"ఏముంది? ఆ రోజు అన్నం సరిగ్గా ఉడికిందా అని అడిగాను."

"అంతేనా?"

"కోడి ముక్క గట్టిగా లేదు కదా అని అడిగాను. బుట్టలో పెట్టింది పిల్లలు తిన్నారా అని అడిగాను. తిన్నారమ్మా, చాలా బాగుందమ్మా అన్నాడు. వాళ్ళావిడ కూడా బాగుందంది. అయితే మాకు సంతోషం అని లేచి వచ్చేశాను."

పరీక్ష మాట ఎత్తలేదట! నేనైతే ఆయన గుమ్మంలో నిలబడి ఊరంతా వినేట్టు అరిచేదాన్ని. ఆవిడ అన్నం ఉడికిందా అని అడిగి వచ్చింది.

"పేరు సంగతి నీతో తర్వాత తేలుస్తాను. అది వేరే," అంది లోపలికి వెళ్తూ.

మే 29

మాస్టారు పొద్దున్నే కాంటీన్ దగ్గరకే వచ్చారు. టీ అడగలేదు. మోకాళ్ళ గురించి అడగలేదు.

"పరీక్ష నా గదిలో పెడతాను. నేనే చదివి వినిపిస్తాను. ధనికి మాత్రమే," అన్నారు.

"అలాగే మాస్టారూ," అన్నాను. ధనికి మాత్రమే. నాకు కావలసింది అదే కదా.

గెలిచాను! తెంపే ముక్కలు అందరికీ ఒకటెక్కువ వేశాను.

జూన్ 2

ధనికి అన్నీ వచ్చు. అడిగినవన్నీ చెబుతోంది. మధ్యలో ఒకసారి, "విగాతి ఎక్కడ రాస్తుంది?" అంది.

"మిగతావాళ్ళతో. నీ జవాబు నువ్వు చూసుకో," అన్నాను.

జూన్ 4, మంగళవారం

మాస్టారి గది కిటికీ కాంటీన్ వైపే ఉంటుంది. నేను తుడిచిన గ్లాసునే తుడుస్తూ నిలబడ్డాను. లోపల బల్లకి అటు ఆయన, ఇటు ధని. ధని కాళ్ళు నేలకి అందడం లేదు.

ఆయన మొదటి ప్రశ్న చదివారు. కొండ పేలినప్పుడు బయటికొచ్చే వేడి రాతి ద్రవాన్ని ఏమంటారు అని. నేను నవ్వుకున్నాను. ఇది తెలియని పిల్లా!

ధని మాట్లాడలేదు.

ఆయన మళ్ళీ చదివారు, ఇంకాస్త నెమ్మదిగా. మాట్లాడలేదు. మర్చిపోయిందా? భయపడిందా? గుడ్డ పట్టుకున్న చేతినే ఆడించి చెప్పు, చెప్పు అని సైగ చేశాను. ధని నన్ను చూసింది, చూసి మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"మాస్టారూ, విగాతికి ఎవరు చదువుతారు?"

"విగాతి సంగతి వేరమ్మా. నువ్వు జవాబు చెప్పు."

"ఎలా వేరు?"

"నీ కోసం పెద్దల ముందు ఇంగ్గీ అన్నాను. ఆ పిల్ల కోసం అనలేదు."

"ఇప్పుడు అనండి."

గట్టిగా అనలేదు. ఎదిరించినట్టు కూడా అనలేదు. కాస్త నీళ్ళివ్వండి అన్నంత మామూలుగా అంది. "విగాతికి కూడా అన్నీ వచ్చు మాస్టారూ. నాకు రోజూ బెంచీ కింద నుంచి చెబుతుంది. తను వచ్చేదాకా నేను చెప్పను."

ఓరి దేవుడా! మాస్టారు లేచి కిటికీ దగ్గరకొచ్చారు. మొహంలో నవ్వు లేదు. ఆయన్ని నవ్వు లేకుండా చూడటం నాకు ఇదే మొదలు.

"చూడమ్మా, నేను మాట నిలబెట్టుకున్నాను. పిల్లే జవాబు చెప్పనంటోంది. ఇక నా తప్పు లేదు. మీరు చెప్పండి, లేకపోతే కాగితం మూసేస్తాను."

నేను చెబితే ధని వింటుంది. అది నాకు తెలుసు. నోరు మూసుకుని జవాబు చెప్పవే అని ఒక్క మాట అంటే చాలు, నాలుగో తరగతి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్ని రోజులు, ఎంతమందిని ఎదిరించి, ఎవరెవరి కాళ్ళు పట్టుకుని ఇంతవరకూ తెచ్చాను! విగాతి నా పిల్లా? తుతిక్ నాకేమైనా చుట్టమా?

ధని నన్నే చూస్తోంది. బతిమాలుతున్నట్టు కాదు. అమ్మ ఏమంటుందో తనకి ముందే తెలిసినట్టు, అది విని పని మొదలుపెట్టడానికి చూస్తున్నట్టు. నేనేమంటానో నాకే తెలియదు, పిల్లకి తెలుసు!

"మూసెయ్యకండి మాస్టారూ," అన్నాను. "ఆ పిల్లని నేను పిలుచుకొస్తాను."

"అమ్మా, నేను ఒప్పుకోలేదు..."

"ఇంగ్గీ అనకపోయినా ఫర్వాలేదు. చదవండి చాలు."

ఆయన జవాబు కోసం నేను ఆగలేదు. కాంటీన్ బెంచీ ఎత్తుకుని వరండాలోంచి మూడో తరగతికి నడిచాను. పిల్లలంతా రాస్తున్నారు. విగాతి ముందు కాగితం తెల్లగా ఉంది, పెన్సిలు మొన కూడా అరగలేదు. ఎర్నా టీచరు నన్ను చూసింది, బెంచీని చూసింది, విగాతి భుజం తట్టి "వెళ్ళు తల్లీ," అంది. ఎవర్నీ అడగలేదు. నేను బెంచీ తీసుకెళ్ళి మాస్టారి బల్ల ముందు వేశాను. ఆయన ఏమీ అనలేదు. అంటే ఏం జరుగుతుందో ఆయనకి అర్థమై ఉంటుంది.

మొదటి ప్రశ్న మూడోసారి చదివారు. ధని నోరు తెరవలేదు. విగాతి నేల చూస్తూ, ఎవరికీ వినపడనంత చిన్నగా, "లావా," అంది.

"గట్టిగా," అంది ధని.

"లావా."

ఆ తర్వాత ఇద్దరూ వంతులవారీగా చెప్పారు. మధ్యలో ధని ఒకటి తప్పు చెబితే విగాతి తల అడ్డంగా ఊపింది, మాస్టారు చూశారు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక గానీ అవలేదు. తుతిక్‌కి ఎవరు చెప్పారో, నూడుల్స్ బండి వదిలేసి వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె నా చేతిలోంచి గుడ్డ తీసుకుని గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది.

మాస్టారు బయటికొచ్చి, బెంచీ లేదు గనక నిలబడే, టీ అడిగారు. చక్కెర వేశాను. మిరపకాయలు వెయ్యలేదు.

"ఇద్దర్నీ నాలుగుకి పంపుతున్నాను," అన్నారు. తుతిక్ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన టీ సగం తాగి, ఎవరితోనో అన్నట్టు అన్నారు: "ఆ పిల్లకి ఇన్ని తెలుసని మూడేళ్ళలో నాకు తెలియదమ్మా."

"మీరు ఎప్పుడూ అడగలేదు కదా, మాస్టారూ!"

బాగా అన్నాను. అన్నాక తుతిక్ వైపు చూడలేకపోయాను. రోజూ విరామంలో విగాతి నా కాంటీన్ ముందే నిలబడుతుంది. అందరి పిల్లల కోసం పోట్లాడే దాన్ని, ఆ పిల్లని నేను మాత్రం ఏనాడైనా ఏమైనా అడిగానా? గిన్నెలు తోమే పిల్ల అని వాళ్ళమ్మ అంటే నమ్మేశాను. నమ్మనిది నా కూతురొక్కతే.

ధని గదిలోంచి వచ్చింది, విగాతి చెయ్యి పట్టుకుని. "అమ్మా, ఆకలి," అంది. ఇద్దరికీ పకోడీలు పెట్టాను. విగాతిని, "ఇంకో రెండు వెయ్యనా, లేక తెంపే కావాలా?" అని అడిగాను.

ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. నేను ఆగాను.

"రెండూ," అంది.